తెర దాచిన ముల్లు

ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఆంటీ, గ్రాఫులు గీయడానికి ఏ లైబ్రరీ ఫాస్టు?" అని. ఆ మాట వినగానే నాకు ఇప్పటికీ ఒక ఫ్యాక్టరీ షెడ్డు గుర్తొస్తుంది. వాళ్లకు ఆ సంగతి తెలియదు, టీ తాగుతూ అడుగుతారు. "ముందు అది ఏమేం గీయకుండా వదిలేస్తుందో కనుక్కో" అంటాను నేను. వాళ్లు మొహమాటానికి తల ఊపి ఫోన్లు చూసుకుంటారు. కుందలహళ్ళిలో మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. మాది నంద్యాల. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, రిటైరయ్యేదాకా ఇక్కడే ప్రోగ్రాములు రాశాను. పుట్టుకతోనే పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో అని బస్‌స్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చే రకం. మా ఆయన ఈ విషయంలో నన్ను ఏడిపించని రోజు లేదు. ఇంట్లో అందరికీ విసుగు తెప్పించిన ఈ గుణమే ఆఫీసులో నాకు అన్నం పెట్టింది. పిరికితనం గురించి సిగ్గుపడొద్దని చెప్పడానికే ఇదంతా.

మేం అసలు చేసిన పని

మాది చిన్న కంపెనీ. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇంకా సగం సైట్లు ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక ఇంటి మేడమీద ఉండేది. ఫ్యాక్టరీల్లో కొలత యంత్రాలు పంపే అంకెలను గీతగా మార్చి చూపించడం మా పని. అంతే. అంకెలు లక్షల్లో వస్తాయి, వాటిని ఎవరూ చదవరు. గీతను చూస్తారు, బాగుందంటారు, సంతకం పెడతారు. అంటే మనం గీసిందే వాళ్లకు నిజం. చేరిన కొత్తలో ఇది నాకు గొప్పగా అనిపించింది. తర్వాత తర్వాత అదే భయపెట్టింది.

విండోస్ రాకముందు, డాస్ రోజుల్లో బతుకు తేలిక. తెర మీద ఒక్కో చుక్కా మనమే పెట్టేవాళ్లం. తప్పు పెడితే తప్పు మనదే, ఎక్కడుందో వెతుక్కోవచ్చు. తొంభైల్లో కస్టమర్లందరూ విండోస్ కావాలన్నారు. అక్కడ చుక్క మనం పెట్టం, పెట్టమని ఎవరినో అడుగుతాం. ఎవరిని అడగాలన్నదే మా ముందున్న ప్రశ్న.

మాకు మూడు దార్లు కనిపించాయి. మొదటిది, విండోస్‌తో పాటే వచ్చే జీడీఐ. గీత గీయమంటే గీస్తుంది, ప్రింటరుకూ అదే భాషలో చెప్పొచ్చు. కానీ అంకెలు ఎక్కువైతే నత్తనడక, పైగా తెర మిణుకుమిణుకుమంటుంది. రెండోది, గ్రాఫిక్స్ కార్డు చేత గీయించే ఓపెన్‌జీఎల్. మంచి గ్రాఫిక్స్ కార్డున్న మా ఆఫీసు కంప్యూటర్లో కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. కస్టమర్ల దగ్గరుండే మామూలు డబ్బాల్లో మాత్రం కదలనని మొండికేసింది, ప్రింటు తీయడం వేరే తలనొప్పి. మూడోది, గ్రాఫులు గీయడానికే ఎవరో తయారుచేసి అమ్మే రెడీమేడ్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట. కొనుక్కుని అతికించుకుంటే చాలు. లోపల ఏం జరుగుతుందో మాత్రం వాళ్లు చూపించరు.

మా టీములో ఫణీంద్ర అని గుంటూరు వైపు కుర్రాడు, చురుకైనవాడు. మూడోదాన్ని తెచ్చి డెమో చూపించాడు. ఒక రోజంతటి అంకెలను లోడ్ చేసి అటూ ఇటూ జరిపితే గీత నీళ్లలా కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, "ఇన్ని అంకెలు ఇంత ఫాస్టుగా ఎలా గీస్తోంది?" అన్నాను.

"అదే మేడమ్ దాని స్పెషాలిటీ. ఇంటర్నల్‌గా ఆప్టిమైజ్ చేసుకుంటుంది" అన్నాడు ఫణీంద్ర.

"ఏం ఆప్టిమైజ్ చేసుకుంటుంది?"

"డాక్యుమెంటేషన్‌లో డీటెయిల్స్ లేవు మేడమ్. బట్ రిజల్ట్ చూడండి, సూపర్ కదా!"

మా బాసు చంద్రప్ప గారు. తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లు. మంచి మనిషి, కాకపోతే తొందరెక్కువ. "ఎస్తేరమ్మా, గీత చక్కంగా ఉండాది, స్పీడుగా ఉండాది. సుమ్నే, ఊరికే ఎందుకమ్మా నీకు ఈ దిగులు?" అన్నారు. దిగులు ఎందుకో నేనూ చెప్పలేకపోయాను. భయానికి ఆధారం చూపించమంటే చూపించలేం కదా. లైబ్రరీ కొన్నారు.

దానితో ఒక్కటే ఇబ్బంది వచ్చింది. తెర మీద బంగారంలా ఉన్న గీత కాగితం మీద అలుక్కుపోయినట్టు పడేది. దాంతో ప్రింటు పని నాకు అప్పజెప్పారు. నేను లైబ్రరీ జోలికి పోకుండా, జీడీఐతో ఉన్న అంకెలన్నీ ఒక్కటీ వదలకుండా కాగితం మీద గీసే కోడ్ రాశాను. ప్రింటరు నిదానంగా పోయినా అడిగేవాళ్లు లేరు. అలా ఒకే అంకెలకు తెర మీద ఒకరు, కాగితం మీద ఇంకొకరు బొమ్మ గీసే ఏర్పాటయింది. మేం ఎవరమూ దాన్ని ఏర్పాటు అనుకోలేదు, పని జరిగిపోయిందనుకున్నాం.

చందాపుర దాటాక ఒక షెడ్డు

ఆ లైబ్రరీతో చేసిన సాఫ్ట్‌వేర్ మొదట వెళ్లింది బెంగళూరు పొలిమేరల్లో చందాపుర అవతల ఉన్న ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీకి. ఇంట్లో తిరిగే ఫ్యాన్లు కావు. గనుల్లోకీ సొరంగాల్లోకీ గాలి తోసేవి, ఒక్కో చక్రం మనిషికంటే ఎత్తు. తయారైన ప్రతి చక్రాన్నీ షెడ్డులో మందపాటి ఇనుప జాలీ వెనక బిగించి, అది రోజూ తిరగాల్సిన వేగం కంటే ఎక్కువ వేగంతో తిప్పుతారు. ఆ తర్వాత మామూలు వేగానికి దించి, తిరుగుతుండగానే కంపనాల గీతను చూస్తారు. మొత్తం మీద కంపనం పెరిగితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. రెక్క మొదలు దగ్గర పగులుంటే మాత్రం ఆరంభంలో అంత గొడవ చేయదు, గీతలో అక్కడక్కడ సన్నగా ఒక పొడుగాటి గీర లేస్తుంది. దాన్ని వాళ్లు ముల్లు అనేవాళ్లు. హద్దు చూపే ఎర్రగీతను ముల్లు దాటితే చక్రం ఆపాల్సిందే. దాన్ని మనిషి కన్నే పట్టుకోవాలి.

ముల్లు లేకపోతే ఏం చేస్తారో విని, మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను. టెస్టింగ్ ఇన్‌చార్జి జాలీ తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, తిరుగుతున్న చక్రం పక్కన నిలబడి, ఇరుసును మోసే బేరింగు మీద అరచెయ్యి పెట్టి చూస్తుంది. వేడెక్కిందా, చేతికి అదురు తెలుస్తోందా అని. చెయ్యి పెట్టనిదే ఆ షెడ్డులో ఏ చక్రమూ పాస్ కాదు. అది వాళ్ల పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. వెనకటికి కలం కాగితం మీద గీసుకుంటూ పోయే రికార్డరు చూసి లోపలికి వెళ్లేవారు. ఆ రికార్డరుకు కాగితం చుట్టలు దొరకడం మానేశాక మా సాఫ్ట్‌వేర్ కొన్నారు.

ఆ ఇన్‌చార్జి పేరు నాగరత్న. డిప్లొమా చదివి, ఆ షెడ్డులోనే పెద్దదైన మనిషి. గట్టి గొంతు, ఎవరినీ లెక్కచేయదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, "తిరుగుతుండగా లోపలికి వెళ్తారా?" అని నోరు తెరిచాను.

"తిరగకుండా చెయ్యి పెడితే ఏం తెలుస్తుందమ్మా?" అంది. "నీ గీత బాగుండాదంటే పోతా. బాగలేదంటే పోను. అంతే గదా."

నీ గీత అంది. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. ఇంట్లో చెబితే మా ఆయన, "గీతే కదే, చక్రం కాదుగా నువ్వు చేసింది" అన్నారు. నాకు ధైర్యం రాలేదు.

కాగితం బయటికి వచ్చిన తీరు

సాఫ్ట్‌వేర్ పెట్టి కొన్ని వారాలయ్యాక, ప్రింటులో అక్షరాలు పక్కకు జరుగుతున్నాయని ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ఫణీంద్ర, నేను వెళ్లాం. అప్పుడే ఒక చక్రం తిరుగుతోంది. తెర మీద గీత చూశాం, పసిపిల్ల నిద్రపోతున్నంత ప్రశాంతంగా ఉంది. నాగరత్న కొంగు నడుముకు బిగించి దోపుకుంది. ఆమె జాలీ వైపు నడుస్తుంటే, అక్షరాలు సరిచేశానో లేదో చూద్దామని నేను అదే గీతకు ప్రింటు కొట్టాను.

ప్రింటరు కాగితాన్ని పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా వదులుతుంది కదా. ముందు శీర్షిక పడింది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. ఆ కింద తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ తర్వాత ఎర్రగీత రావాలి. ఎర్రగీత కంటే ముందే కాగితం మధ్యలో నల్లటి చుక్క ఒకటి పడింది. ప్రింటరు ఇంకాస్త కదిలింది. చుక్క కింద చుక్క. అప్పుడొచ్చింది ఎర్రగీత. ఆ నల్ల చుక్కలు దాన్ని కోసుకుంటూ కిందికి దిగుతున్నాయి.

ముల్లు. కాగితం మీద ముల్లుంది. తెర మీద లేదు.

అప్పుడు నాకు పట్టిన భయం ఎలాంటిదో దాచకుండా చెబుతాను. ఆమె ప్రాణం గురించి ఒక భయం. దాని పక్కనే ఇంకోటి: కాగితం మీది బొమ్మ గీసింది నా కోడ్. తప్పు నా కోడ్‌దే అయితే? అందరూ చప్పట్లు కొట్టిన లైబ్రరీ ఒకవైపు, నేనొక్కదాన్నే కూర్చుని రాసిన ముతక కోడ్ ఇంకోవైపు. ఫ్యాక్టరీ మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. అనవసరంగా చక్రం ఆపిస్తే ఆ రోజు టెస్టంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకో చుక్క పడేదాకా ఆగాను. నాగరత్న చెయ్యి తలుపు గడియ మీద పడింది.

"ఆపండి! ఆపేయండి!" అని కేక పెట్టాను. అది నా గొంతేనా అనిపించింది. స్విచ్చు దగ్గరి మనిషి హడలిపోయి నొక్కేశాడు. చక్రం ఆగడానికి చాలాసేపు పట్టింది. అది ఆగేదాకా నేను ప్రింటరును పట్టుకునే నిలబడ్డాను.

వెతికితే దొరికింది. బేరింగు దగ్గర కంపనం కొలిచే సెన్సరు వైరు ఒకటి వదులైంది. అది కదిలినప్పుడు ముల్లు లేచింది. చక్రానికి ఏమీ కాలేదు, నిక్షేపంలా ఉంది.

ఫణీంద్ర పెద్దగా ఊపిరి పీల్చుకుని నవ్వాడు. "జస్ట్ నాయిస్ మేడమ్! లూజ్ కాంటాక్ట్. మీరు అనవసరంగా టెన్షన్ పెట్టేశారు అందరినీ." మేనేజరు కూడా నవ్వాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దేవునికి స్తోత్రం అనుకుని కుర్చీలో కూలబడ్డాను.

నాగరత్న నవ్వలేదు. కాగితాన్ని తెర పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"వైరు వదులైతే వదులైంది. దీంట్లో ఉండాది గదా?" అని కాగితం మీద వేలు పెట్టింది. "దాంట్లో ఏల లేదు?"

"అదీ మేడమ్, డిస్‌ప్లేలో చిన్న చిన్నవి..." అని నసిగాడు ఫణీంద్ర.

"చిన్నదా? ఎర్రగీత దాటుండాది గదప్పా! తెరలో లేదనే గదా నేను లోపలికి పొయ్యేదానికి లేచింది?"

ఫణీంద్ర తెర మీద ఆ చోటును పెద్దది చేసి చూపించాడు. ముల్లు ప్రత్యక్షమైంది. చిన్నది చేశాడు. మాయమైంది. మళ్లీ పెద్దది చేశాడు, మళ్లీ చిన్నది చేశాడు. చేతిలోని మౌసు వదిలేశాడు. నాకూ అప్పుడే అర్థమైంది. తెరకు పట్టే చుక్కల కంటే అంకెలు ఎక్కువైనప్పుడు లైబ్రరీ కొన్నింటిని ఎంచుకుని గీస్తోంది, మిగిలినవాటిని వదిలేస్తోంది. వదిలేసినదాంట్లో ముల్లుంటే ముల్లూ పోయినట్టే. నీళ్లలా కదిలిన ఆ వేగమంతా అక్కడి నుంచి వచ్చిందే.

"ఇది పెట్టినంక ఎన్ని చక్రాలకు చెయ్యి పెట్టుంటానో" అంది నాగరత్న. గొంతు మొదటిసారి తగ్గింది. "అన్నిటికీ కాగితాలు కొట్టమ్మా."

పెట్టెలో చక్రం

పాత టెస్టుల అంకెలన్నీ కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి. ఒక్కొక్కటే ప్రింటు కొడుతూ పోయాం. ప్రతి కాగితం బయటికి వస్తున్నప్పుడు ఎర్రగీత వచ్చేదాకా అందరం ప్రింటరు మీదికి వంగి చూశాం. శుభ్రంగా ఉంది. ఇదీ శుభ్రం. ఇంకోటీ శుభ్రం. నాకు కొద్దిగా ధైర్యం వస్తుండగా ఒక కాగితం మీద ఎర్రగీత కంటే ముందు చుక్కలు పడ్డాయి. ఈసారి ఒకటి కాదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఒకే దూరంలో, దువ్వెన పళ్లలాగా. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకటి. వదులైన వైరు అంత క్రమంగా కదలదు.

"ఇది యాడుంది ఇప్పుడు?" అంది నాగరత్న.

ప్యాకింగ్ షెడ్డులో ఉంది. లారీ కోసం ఎదురుచూస్తోంది. చెక్కపెట్టె ఊడగొట్టించి, రెక్కల మొదళ్లకు పగుళ్లు బయటపెట్టే ఎర్రరంగు పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లారు. కాసేపటికి ఒక రెక్క మొదట్లో, తెల్లటి పొడిలో, వెంట్రుకంత సన్నటి ఎర్రచార తేలింది. మేమంతా చూస్తుండగానే రంగు ఊరి అది ఇంకాస్త పొడుగైంది.

నాగరత్న దాన్ని చూసింది, తర్వాత తన అరచేతిని చూసుకుంది. "దీనికి చెయ్యి పెట్టినాను" అంది. "ఆ పొద్దు మా చెల్లెలి పెండ్లి మాట్లాడుకుంటా బయటికొస్తిని."

ఫణీంద్ర బయటికెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. పొగరు లేని కుర్రాడే, పని ఇష్టంగా చేసేవాడే. నచ్చిన బొమ్మను నమ్మాడు. అతన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. భయపడ్డ నేనూ పట్టుబట్టి అడగలేదు కదా. ఏ కంపెనీలో చూసినా ఇదే తంతు: డెమోలో ఏది బాగా కదిలితే దాన్ని కొంటారు, అది ఏం వదిలేస్తోందని అడిగినవాళ్లను చాదస్తులంటారు.

చంద్రప్ప గారు మర్నాడే స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చి, నాగరత్న ముందు తల వంచుకుని నిలబడ్డారు. "మార్చి ఇస్తామమ్మా. స్వల్ప టైమియ్యి" అన్నారు.

"ఇస్తాను" అంది ఆమె. నా వైపు చూసింది. "ఒకటే మాట. కొత్తది తెచ్చిన పొద్దు ఈమె నాతో లోపలికి రావాల."

మళ్లీ రాసిన గీత

ఆ లైబ్రరీని పక్కన పడేసి, తెరకూ కాగితానికీ ఒకే కోడ్ ఉండేలా జీడీఐతో రాయడం మొదలుపెట్టాను. వేగం కోసం ఒకే ఒక ఉపాయం: తెర మీద నిలువుగా ఒక్కో వరసలో పడే అంకెలన్నిటిలో అన్నిటికంటే చిన్నదీ అన్నిటికంటే పెద్దదీ వెతికి, ఆ రెంటినీ కలుపుతూ ఒక నిలువు గీత గీయడం. ఎన్ని అంకెలున్నా సరే, ముల్లు కొన మాత్రం పోదు. మిణుకుమిణుకుమనకుండా మొత్తం బొమ్మను ముందు మెమరీలో గీసి ఒకేసారి తెర మీదికి తెచ్చాను.

ఇంత పని చేసినా భయం తగ్గలేదు, ఇంకా కొత్తవి పుట్టుకొచ్చాయి. గీత గీయడానికి ప్రోగ్రాముకు విండోస్ అరువిచ్చే కలాన్ని వాడాక తిరిగి ఇవ్వకపోతే విండోస్ దగ్గర కలాలు అయిపోయి, కొన్ని గంటల తర్వాత గీత సగంలో ఆగిపోతుంది. ఆ రోజుల విండోస్‌లో గీతను మరీ పెద్దది చేస్తే తెర బయటికి పోయే అంకెలు హద్దు దాటి, అటువైపు నుంచి మళ్లీ లోపలికొచ్చి, లేని గీతను ఉన్నట్టు చూపిస్తాయి. ఉన్నదాన్ని దాచడం ఒక పాపమైతే లేనిదాన్ని చూపడం ఇంకో పాపం. తెర హద్దుల దగ్గర గీతను నేనే కత్తిరించి పంపేలా రాశాను. కోడ్‌లో ప్రతి వరస రాసి నాగరత్న అరచెయ్యి తలుచుకునేదాన్ని. ఫణీంద్ర నా పక్కనే కూర్చుని, కావాలని ముళ్లు దాచిన అంకెలు తయారుచేసి నా మీదికి వదిలేవాడు. ఒక్కటి తప్పిపోయినా ఇద్దరం మళ్లీ మొదటి నుంచి చూసేవాళ్లం.

కొత్తది పట్టుకెళ్లిన రోజు పొద్దున నాకు టిఫిను దిగలేదు. మా ఆయన ఆ రోజు నన్ను ఏడిపించలేదు, బస్‌స్టాపు దాకా వచ్చారు.

ముందు పగిలిన చక్రం అంకెలు తెర మీద పెట్టాం. దువ్వెన పళ్లన్నీ కనిపించాయి. కాగితం తీసి, తెర పక్కన పెట్టి చూసింది నాగరత్న. ఒకదానికొకటి సరిపోయాయి. ఆ తర్వాత కొత్త చక్రం బిగించారు. వేగం పెంచారు, దించారు. గీత వచ్చింది. ముల్లు లేదు. ఎంత పెద్దది చేసినా లేదు, ఎంత చిన్నది చేసినా లేదు.

"అమ్మా, ఆమె రావక్కర్లేదు" అన్నాడు మేనేజరు. "ఆఫీసువాళ్లకు ఇదంతా అలవాటుండదు."

"ఆమె గీత నమ్మి గదా నేను పొయ్యేది? ఆమె నమ్మొద్దా?" అంది నాగరత్న. నా కొంగు తనే నడుముకు చుట్టి బిగించి దోపింది. తలుపు తీసి పట్టుకుంది.

లోపల గాలి మొహాన కొట్టింది. ఆ హోరుకు పళ్లు కూడా అదురుతున్నాయి. రెక్కలు విడివిడిగా కనిపించడం లేదు, బూడిదరంగు మసక ఒకటి నా భుజం పక్కన తిరుగుతోంది. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. హద్దు దగ్గర కత్తిరించే ఆ వరస సరిగ్గా రాశానా, ఒక్క అంకె ఎక్కడైనా జారిందా అని బుర్రలో అదే తిరుగుతోంది. నాగరత్న నా చెయ్యి పట్టుకుని బేరింగు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. ఇనుము గోరువెచ్చగా ఉంది.

నా చెవి దగ్గరికి వంగి అరిచింది. "భయమైతా ఉండాదా?"

అవునని తల ఊపాను.

"నాకు దినామూ అయితాది" అంది.